రక్తం తీసుకెళ్లేవారు లెక్క కూడా చెప్పి వెళ్లాలి

సంపాదకులకు నమస్కారం.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా రెండు ముక్కలు తప్పకుండా ఉంటాయి. ఫలానా బృందం వచ్చి నమూనాలు తీసుకెళ్లింది, కారణం ఇంకా తేలలేదు. ఇవి ఏళ్ల తరబడి చదువుతున్న కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు జనానికి ఇంకో ప్రశ్న ఉంది. తీసుకెళ్లిన రక్తంలో ఏముందో ఇచ్చిన మనిషికి ఎవరు చెబుతారు?

ఇది మర్యాదకు సంబంధించిన ప్రశ్న అని చాలామంది పరిశోధకులు అనుకుంటారు. పని అయ్యాక తీరిక ఉంటే చూద్దాం అన్నట్టు వదిలేస్తారు. మేం చెప్పదలచింది వేరు. ఊరు కలిసిరాని సర్వేలో ముందు తప్పేది అంకె. అంకె తప్పాక దాని మీద ఎంత పెద్ద గణితం చేసినా, ఎంత పేరున్న పత్రికలో అచ్చయినా ప్రయోజనం లేదు. ఎలా తప్పుతుందో, తప్పకుండా చేసినవారు ఎలా చేశారో కాస్త వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడుగైతే మన్నించాలి.

ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరొంచ. అది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా కిందికి వస్తుంది, ఆ వైపు ఊళ్లలో తెలుగూ వినబడుతుంది. ఆ జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో 'సెర్చ్' అనే సంస్థ పెట్టి పని మొదలుపెట్టారు. ఇద్దరూ నాగపూర్‌లో వైద్యం చదివారు, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యంలో డిగ్రీ తీసుకుని 1984లో వెనక్కి వచ్చారు. 2018లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. పత్రికలు ఎక్కువగా రాసింది ఆ చివరి వాక్యం గురించే. మాకు పనికొచ్చేది మాత్రం ఆ మధ్య 30 ఏళ్లలో వారు ఏ పని ఏ వరసలో చేశారన్నది.

అమెరికా వెళ్లకముందే అభయ్ బంగ్ వార్ధా జిల్లాలో ఒక లెక్క పట్టుకున్నారు. అప్పట్లో మహారాష్ట్రలో వ్యవసాయ కూలీకి కనీస కూలి రోజుకు 4 రూపాయలు. ఆ మొత్తం తేల్చిన ప్రభుత్వ కమిటీ కూలీకి కావలసిన తిండిని తక్కువ వేసిందని చూపించి, సరిగ్గా లెక్కిస్తే 12 రూపాయలు రావాలని రాశారు. తర్వాత కూలి పెరిగింది. వైద్యుడికి కూలి రేటుతో పనేమిటని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. వారికి ప్రజారోగ్యం అంటే టీకాల లెక్క మాత్రమే.

గడ్చిరోలిలో మొదట్లో చేసిన పనుల్లో సికిల్‌సెల్ (రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) సర్వే ఒకటి. గిరిజనుల్లో ఆ జబ్బు ఉందని తేలింది, శాస్త్రం దృష్టిలో అది పెద్ద సంగతే. కానీ జనం దాన్ని అడగలేదు, అప్పటి వారి బాధలు వేరు. అభయ్ బంగ్ ఈ సంగతిని తర్వాత తన ప్రసంగాల్లో దాపరికం లేకుండా చెబుతూ వచ్చారు. అక్కడినుంచి వరస మారింది. ముందు ఊరిని అడగడం, తర్వాత ప్రశ్న రాసుకోవడం.

ఆసుపత్రి విషయంలోనూ అలాగే అడిగారు. పెద్దాసుపత్రికి ఎందుకు రారు అంటే గిరిజనులు చెప్పిన కారణాలు ఏ ప్రశ్నావళిలోనూ ఉండేవి కావు. అంత పెద్ద కట్టడంలో దారి తప్పుతాం. డాక్టర్లు, నర్సులు తెల్లబట్టలు వేసుకుంటారు, మేం తెల్లబట్ట చుట్టేది శవానికి. రోగితో చుట్టాలను ఉండనివ్వరు. అక్కడ దేవుడు లేడు. దానికి తగ్గట్టే గుడిసెల వరస లాంటి ఆసుపత్రి కట్టి, వారి దంతేశ్వరి అమ్మవారి పేరు పెట్టి, చుట్టాలు రోగి దగ్గరే ఉండే వీలు కల్పించారు. 1993లో గడ్చిరోలి జిల్లాలో మద్యనిషేధం రావడానికి ముందు సాగిన ఆందోళనలోనూ ఈ సంస్థ జనంతో కలిసి ఉంది. దాదాపు అదే సమయంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. రెండుచోట్లా జబ్బుల పట్టికలో లేని జబ్బును ఎత్తిచూపింది ఊరే.

ఇక పరిశోధన సంగతి. రాణీ బంగ్ 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చువేసిన వ్యాసం రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం. వారిలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది, మనిషికి సగటున 3.6 జబ్బులు. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకుని వైద్యం పొందినవారు 8 శాతమే. ఈ అంకెలు అందరూ ఉటంకిస్తారు. మాకు వీటికంటే ముఖ్యంగా కనిపించేది ఇంకొకటుంది. ఆ 650 మందిలో బాధ ఉందని నోరు తెరిచి చెప్పినవారు 55 శాతం. మిగతావారిలోనూ చాలామందికి జబ్బు ఉన్నట్టు పరీక్షలో తేలింది. అంటే ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే లెక్కించేవారికి ఈ సంగతి జన్మలో తెలియదు. పెళ్లికాని పిల్లలతో సహా ఊళ్లో ఆడవాళ్లు అలాంటి పరీక్షకు ఒప్పుకోవాలంటే వైద్యురాలు ఆడమనిషి అయితే చాలదు. ఊళ్లోని మంత్రసాని, పెద్దమనుషులు, అత్తలు ముందే ఒప్పుకోవాలి, ఎవరి ఫలితం ఎవరి చెవిన పడదన్న నమ్మకం ఉండాలి. సగం మంది రాకపోతే, రానివారే ఎక్కువ జబ్బున్నవారో తక్కువ జబ్బున్నవారో తేల్చే దారి ఉండదు. గణాంకశాస్త్రంలో దానికి మందు లేదు.

1990 నాటి న్యుమోనియా అధ్యయనంలో 58 ఊళ్లలో పిల్లల న్యుమోనియాను ఊళ్లోనే గుర్తించి కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు, ఆ సేవ లేని 44 ఊళ్లను పోలికకు ఉంచారు. ఐదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా చావులు వెయ్యికి 8.1, పోలిక ఊళ్లలో 17.5. మందు ఇచ్చినవారిలో చదువురాని మంత్రసానులూ ఉన్నారు. శ్వాస లెక్కించాలంటే నిమిషంలో 50, 60 దాకా లెక్కపెట్టాలి. వారికి అంతదాకా లెక్క రాదు. మరొకరైతే చదువుకున్నవారిని వెతుక్కునేవారు. ఇక్కడ పనిముట్టును మార్చారు. ఒక పలక మీద నిమిషం పాటు జారే ఇసుక గడియారం, పక్కన రెండు తీగల మీద పూసలు. రెండు నెలల లోపు బిడ్డకు ఒక వరస, ఆపై వయసువారికి ఒక వరస. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. ఇసుక మొత్తం జారకముందే ఎర్రపూస దాకా వస్తే న్యుమోనియా, మందు మొదలుపెట్టాలి.

ఇంత సులువుగా కనబడే పనిలో ఏం చెడుతుందో మన ఆశా కార్యకర్తలకు నేర్పేవారికి బాగా తెలుసు. ఏడుస్తున్న బిడ్డకు, పాలు తాగుతున్న బిడ్డకు శ్వాస లెక్కపెడితే ఎక్కువ వస్తుంది. చొక్కా ఎత్తకుండా చూస్తే తక్కువ వస్తుంది. అన్నింటికంటే ఎక్కువ జరిగే తప్పు అర నిమిషం చూసి రెండుతో గుణించడం. పురిటిబిడ్డ శ్వాస ఒక తీరుగా ఉండదు, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ వడిగా తీసుకుంటుంది. అర నిమిషంలో ఆగిన ముక్క పడితే జబ్బు ఉన్న బిడ్డ బాగున్నట్టు, పడకపోతే బాగున్న బిడ్డ జబ్బుపడ్డట్టు కనబడుతుంది. అందుకే నిండు నిమిషం చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మళ్లీ ఒకసారి లెక్కపెట్టి ఖాయం చేసుకోవాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు వారికి హద్దు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40. సర్వేకు వచ్చినవారు "శ్వాస వేగంగా తీసుకుంటోందా" అని తల్లిని అడిగితే లేదంటుంది. "డొక్కలు ఎగరేస్తోందా" అంటే వెంటనే చెబుతుంది.

అన్నింటికంటే కష్టమైన పని చావులు లెక్కించడం. పసిగుడ్డు చావుల లెక్క ఎందుకు తప్పుతుందో మన ఇళ్లలోనే చూడవచ్చు. మొదటి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. అత్తవారి ఊళ్లో ఆశా రికార్డులో ఆమె గర్భిణి, పుట్టింటి ఊళ్లో ఆమె అతిథి. బిడ్డ పుట్టి నాలుగో రోజు పోతే ఇక్కడి పుస్తకంలో గర్భిణి పేరు లేదు, అక్కడి పుస్తకంలో కాన్పు జరగలేదు. రెండూళ్ల మధ్య ఆ బిడ్డ పుట్టనూ లేదు, పోనూ లేదు. రెండో కారణం, పురుడు అయ్యేదాకా, బారసాల జరిగేదాకా బిడ్డ గురించి బయట మాట్లాడని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆలోపు పోయిన బిడ్డ సంగతి మూడు నెలల తర్వాత పలక పట్టుకు వచ్చిన సర్వేయరుకు ఎవరూ చెప్పరు. మూడోది, పుట్టి కాసేపు ఊపిరి తీసి పోయిన బిడ్డను "చచ్చి పుట్టింది" అనే చెబుతారు. ఆసుపత్రిలోనూ అలా రాసుకోవడానికి తొందర ఉంటుంది, ఎందుకంటే చచ్చి పుట్టిన బిడ్డకు సంజాయిషీ తక్కువ. సరైన ప్రశ్నలు మూడు: పుట్టగానే ఏడ్చిందా, ఊపిరి తీసిందా, కాలో చెయ్యో కదిపిందా. ఒక్కదానికి అవునన్నా అది బతికి పుట్టిన బిడ్డే. ఈ మూడూ అడగాలంటే కాన్పు దగ్గర ఉన్న మనిషినే అడగాలి. కాన్పు దగ్గర ఉన్న మనిషి ఎవరో ఊరికే తెలుసు.

గడ్చిరోలిలో ఊళ్లోని మనిషే పుట్టుకలు, చావులు రాసుకునేవారు, పైనుంచి విడిగా ఇంటింటికీ తిరిగే సర్వే జరిగేది. రెండు లెక్కలు కలిపి చూసి, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని పేరు దగ్గర ఆగి మళ్లీ విచారించేవారు. ఖర్చుతో కూడిన పని. కానీ ఇది లేకుండా చావులు తగ్గాయనడానికి వీల్లేదు. లెక్క తగ్గినా చావులు తగ్గినట్టే కాగితం మీద కనబడుతుంది.

ఆ పునాది మీదే పురిటిబిడ్డల అధ్యయనం జరిగింది. 1993లో ముందు లెక్కలు మొదలయ్యాయి. 39 ఊళ్లలో సేవ, 47 ఊళ్లలో పోలిక. 1995-96లో 39 ఊళ్లలో పుట్టిన 763 మంది బిడ్డలను పుట్టినప్పటినుంచి 28 రోజులు ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తలు గమనించారు. వైద్యం అవసరమైన లక్షణాలు 54.4 శాతం మందిలో కనబడ్డాయి. ఆసుపత్రిలో చేరినవారు 0.4 శాతం. బిడ్డను ఆసుపత్రికి తీసుకురండి అని గోడ మీద రాస్తే సరిపోదని ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

తర్వాత ఊళ్లో ఐదు నుంచి పదో తరగతి వరకు చదివిన ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చారు. కాన్పు సమయానికి మంత్రసానితోపాటు ఆమె ఉండాలి. పుట్టిన 1, 2, 3, 5, 7, 15, 21, 28 రోజుల్లో ఇంటికి వెళ్లాలి, మధ్యలో పిలిస్తే అప్పుడూ వెళ్లాలి. తూకం, వేడి, శ్వాస చూడాలి, ఊపిరి అందని బిడ్డకు ఊపిరి అందించాలి, విటమిన్ కె ఇంజెక్షన్ ఇవ్వాలి. రక్తంలో ఇన్ఫెక్షన్ అనుమానం వస్తే తల్లిదండ్రుల అనుమతితో కోట్రైమాక్సజోల్ నోటిద్వారా, జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. పదిహేను రోజులకోసారి వైద్యుడు వచ్చి ఆమె రాసిన రికార్డును సరిచూసేవారు. ఈ చివరి వాక్యం మన పథకంలోకి రాలేదు, ఆ సంగతి తర్వాత చెబుతాం.

ఆ ఇన్ఫెక్షన్‌ను గుర్తించడానికి పెట్టుకున్న గుర్తులు ఏడు. బాగా ఏడ్చే బిడ్డ ఏడుపు తగ్గడం లేదా మానడం. బాగా పాలు తాగే బిడ్డ తగ్గించడం లేదా మానడం. కాళ్లూ చేతులూ వాలిపోవడం. ఒళ్లు చల్లబడటం. వాంతులు లేదా పొట్ట ఉబ్బడం. ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోవడం. బొడ్డు దగ్గర చీము. ఇందులో ఏ రెండు కలిసి కనబడినా వైద్యం మొదలుపెట్టాలి. ఈ పట్టికను నిదానంగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. మొదటి మూడు గుర్తులు నిన్నటితో పోల్చితే గానీ తెలియవు. నిన్న ఎలా ఏడ్చిందో, ఎంతసేపు పాలు పట్టిందో, ఎలా కాళ్లు కొట్టుకుందో తల్లికి, అమ్మమ్మకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఈరోజే మొదటిసారి చూస్తున్న వైద్యనిపుణుడికీ తెలియదు. జనాన్ని కలుపుకోవడం అంటే ఇదే. తల్లి చూపును రోగనిర్ధారణలో భాగం చేశారు. సభ పెట్టి అందరి చేతా చప్పట్లు కొట్టించడాన్ని మేం ఆ పేరుతో పిలవం.

1999లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. మూడో ఏడాదికి ఆ ఊళ్లలో పుట్టిన బిడ్డల్లో 93 శాతం మందికి సేవ అందింది, పోలిక ఊళ్లతో చూస్తే పురిటిబిడ్డల చావులు 62 శాతం తగ్గాయి. ఇన్ఫెక్షన్ వచ్చిన బిడ్డల్లో చనిపోయేవారు 16.6 శాతం నుంచి 2.8 శాతానికి దిగారు. బిడ్డకు అయిన ఖర్చు అప్పటి లెక్కలో 5.3 డాలర్లు.

పదో తరగతి దాటని మనిషి చేతికి సిరంజి ఇవ్వడమేమిటని అప్పట్లో వైద్యులు అభ్యంతరం చెప్పారు. అది కొట్టిపారేయాల్సిన అభ్యంతరం కాదు. జెంటామైసిన్ మోతాదు ఎక్కువైతే చెవికీ కిడ్నీకీ దెబ్బ. ఊళ్లోని మనిషికి సిరంజి ఇవ్వడం, లేదంటే బిడ్డను వదిలేయడం, ఈ రెండే దారులు కాదు గదా అని వారు అన్నారు, నిపుణులను పంపాలన్నారు. నిపుణులు ఇప్పటికీ ఆ ఊళ్లకు పూర్తిగా చేరలేదు. మా ఉద్దేశంలో ఆ వాదన తీర్చింది సిరంజి ఇచ్చిన ధైర్యం కాదు, వెనక ఉన్న పర్యవేక్షణ. ఆ పర్యవేక్షణ లేకుండా అదే సిరంజిని ఎవరిచేతికైనా ఇస్తామంటే మేమూ ఒప్పుకోం.

2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి పురిటిబిడ్డ ఇంటికి వెళ్లి చూడాలని ప్రకటన చేశాయి. 2011లో కేంద్రం ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతా ఈ పని మొదలుపెట్టింది. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో అయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. పథకం మొదలైనప్పటి షరతుల ప్రకారం మొత్తం పూర్తిచేస్తే 250 రూపాయలు. తూకం కార్డులో రాసి ఉండాలి, బీసీజీ, మొదటి పోలియో చుక్కలు, డీపీటీ పడి ఉండాలి, పుట్టుక నమోదై ఉండాలి, 42 రోజులకు తల్లీబిడ్డ క్షేమంగా ఉండాలి. ఆ చివరి షరతు మరోసారి చదవండి. బిడ్డ పోతే, ఆమె అంతకుముందు ఎన్నిసార్లు నడిచి వెళ్లినా, షరతు ప్రకారం డబ్బు రాదు. ఇలాంటి షరతు పెట్టినచోట చావుల లెక్క నిజాయితీగా వస్తుందని ఆశించడం అమాయకత్వం.

మిగతా లోపాలు చిన్నవే, కానీ రోజూ కనబడేవి. వేలాడదీసే తూకంలో ముందు ఖాళీ ఉయ్యాలగుడ్డ తగిలించి ముల్లును సున్నాకు తేవాలి. గుడ్డ లేకుండా సున్నా చేసి తర్వాత గుడ్డతో తూస్తే గుడ్డ బరువు బిడ్డకు కలుస్తుంది. 2,500 గ్రాముల లోపు బిడ్డ తక్కువ బరువు బిడ్డ. హద్దుకు దగ్గర్లో ఉన్న బిడ్డను ఆ గుడ్డ బరువే ప్రమాదంలేని పట్టికలోకి తోస్తుంది. ముల్లు కంటికి ఎదురుగా ఉండాలి, కిందినుంచి చూస్తే తప్పు చదువుతాం. డిజిటల్ థర్మామీటర్ కిట్టుతో వస్తుంది, దాని గుండీ బ్యాటరీ అయిపోతే కొత్తది రాదు, మండల కేంద్రంలో కొనుక్కోవాలి. చంకలో పెట్టి బీప్ వచ్చేదాకా చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకోవాలి. 97.7 ఫారెన్‌హీట్ కంటే తక్కువ వస్తే బిడ్డను తల్లి గుండెకు ఆనించి కప్పాలి. బ్యాటరీ లేని థర్మామీటర్‌తో రాసిన వేడి ప్రతి ఇంట్లో 98.4గానే ఉంటుంది. ఫారాల్లో అన్నీ ఒకే అంకెలు కనబడితే ఆశాను తిట్టేముందు బ్యాటరీ చూడాలి.

ఇక గడ్చిరోలిలో పదిహేను రోజులకోసారి వచ్చిన వైద్యుడి స్థానంలో మనకు ఉన్నది నెలకోసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) జరిగే సమీక్ష. అక్కడ చూసేది ఫారం, బిడ్డను కాదు. 2014లో ఏఎన్ఎంలు (ఆరోగ్య ఉపకేంద్రం నర్సులు) జెంటామైసిన్ ఇవ్వడానికి కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. గుర్తించాల్సిన ఆశా, ఇంజెక్షన్ ఇవ్వాల్సిన ఏఎన్ఎం వేర్వేరు ఊళ్లలో ఉంటారు. ఏడు గుర్తుల్లో రెండు కనబడిన బిడ్డకు గంటలు ముఖ్యం.

ఇప్పుడు ఉద్దానానికి వస్తాం. హిరమండలం రిజర్వాయర్ నుంచి నీళ్ల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ కారణం వెతికే పని ఊరు లేకుండా జరగదు. కొన్ని సంగతులు మాత్రం చెబుతాం.

కిడ్నీ జబ్బు దీర్ఘకాలికం అనాలంటే పనితీరు తగ్గినట్టు లేదా మూత్రంలో ప్రొటీన్ పోతున్నట్టు కనీసం 3 నెలలు నిలిచి ఉండాలి. ఒక్క రోజు శిబిరంలో ఒక్కసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) చూసి ఇంతశాతం మందికి జబ్బు అని ప్రకటిస్తే అది ఎక్కువ లెక్క అవుతుంది. జీడితోటలో పొద్దుటినుంచి ఎండలో పనిచేసి నీళ్లు తాగకుండా వచ్చిన మనిషికి ఆ పూట క్రియాటినిన్ పెరిగి ఉండవచ్చు. ముందు కొన్ని గంటల్లో మాంసం తిన్నా పెరుగుతుంది. తీసిన రక్తంలోంచి సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే పలచటి ద్రవం) త్వరగా వేరుచేయకుండా ఎండలో జీపులో తిప్పితే కొన్ని పరీక్షా పద్ధతుల్లో ఎక్కువ చూపిస్తుంది. జ్వరం ఉన్నా, నెలసరిలో ఉన్నా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ప్రొటీన్ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. కాబట్టి 3 నెలల తర్వాత అదే మనిషి మళ్లీ చేయి చాపాలి. మొదటిసారి ఫలితం చెప్పనివారికి రెండోసారి చేయి ఎందుకు చాపుతాడు? రెండో విడతకు వచ్చేవారు సగానికి పడిపోవడం వెనక ఉన్న సంగతి ఇదే. దాన్ని నివేదికల్లో "సహకారం లోపించింది" అని రాస్తారు. లోపించింది ఎవరి సహకారమో రాయరు.

శిబిరం ఎప్పుడు పెట్టారన్నదీ ముఖ్యమే. ఈ ఊళ్లనుంచి మగవాళ్లు పనుల కోసం దూర ప్రాంతాలకు పోతారు. పగటిపూట శిబిరం పెడితే వచ్చేది ముసలివాళ్లు, ఆడవాళ్లు. పండగకు ఊరికి చేరేవారు ఎవరో, ఏ నెలలో జీడిపని ఉంటుందో, ఏ రోజు సంతో ఊరివారిని అడిగి తేదీ పెట్టాలి. నీళ్ల నమూనాలకైతే ఇంకా ఎక్కువ. ఈ రోజు కుళాయిలో వచ్చే నీటిని సీసాలో పట్టుకుపోతే, పదిహేనేళ్ల కిందట ఆ మనిషి తాగిన నీటి గురించి ఏమీ తెలియదు. ఏ వీధి ఏ నుయ్యి వాడింది, ఏది పూడ్చేశారు, బోరు ఎప్పుడు వేశారు అన్న పటం ముసలివారిని కూర్చోబెట్టి గీయించాలి. అది ఒక మధ్యాహ్నం పని, ఖర్చు టీ మాత్రమే. నొప్పిమాత్రల సంగతీ అంతే. "పెయిన్‌కిల్లర్లు వాడతారా" అంటే లేదంటారు. ఒళ్లునొప్పులకు ఏం వేసుకుంటారో చూపించమంటే ఆర్ఎంపీ ఇచ్చిన పొట్లమో, కిరాణా కొట్టులో కొన్న అట్టో తెచ్చి చూపిస్తారు. అప్పుడు అసలు పేరు రాసుకోవచ్చు.

ఇదంతా చేయడానికి కాలం పడుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. గడ్చిరోలిలో పని 1986లో మొదలైంది, పురిటిబిడ్డల ఫలితం 1999లో అచ్చయింది, దేశానికి పథకం 2011లో వచ్చింది. మన దగ్గర పరిశోధనకు డబ్బు మూడేళ్లకు ఇస్తారు. వైద్య కళాశాలల్లో ప్రమోషన్‌కు అచ్చయిన వ్యాసాల లెక్క చూస్తారు. ఊళ్లో రెండేళ్లు నమ్మకం సంపాదించడానికి, చావుల పుస్తకం సరిచేయడానికి పెట్టిన యువ పరిశోధకురాలు పక్కగదిలో ఆసుపత్రి కేస్‌షీట్ల మీద ఆరు వ్యాసాలు రాసినవారి కింద పనిచేయాల్సి వస్తుంది. తెలివైనవారు కేస్‌షీట్లు ఎంచుకోవడంలో వింతేమీ లేదు. బంగ్ దంపతులు సొంత సంస్థ పెట్టుకున్నారు కాబట్టి ఈ చిక్కునుంచి తప్పించుకున్నారు. అందరూ సంస్థ పెట్టలేరు. అందరి చేతా త్యాగం చేయించి నడిపే పద్ధతిని పద్ధతి అనరు.

నియమాలు లేవని కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాల్లో జనాన్ని కలుపుకోవడం గురించి, పరిశోధన ఫలం వారికి అందడం గురించి స్పష్టంగానే ఉంది. పరిశోధనకు అనుమతి ఇచ్చే నైతిక కమిటీ ముందు పెట్టే దరఖాస్తులోనూ ఆ గడి ఉంటుంది, "గ్రామపెద్దలతో మాట్లాడతాం" అన్న ఒక వాక్యంతో అది నిండిపోతుంది. ఆ గడిలో తేదీలు, ఖర్చు, మనిషి పేరు అడగాలి. ఫలితాలు తిరిగి చెప్పే రోజులకు అయ్యే ఖర్చు బడ్జెట్లో విడి పద్దుగా లేకపోతే దరఖాస్తు వెనక్కి పంపాలి. ఊళ్లో సర్వే చేసిన ఆశాకు, యువకులకు ఇచ్చే కూలి కూడా అందులోనే ఉండాలి.

విలేకరులకూ ఒక మనవి. ఈసారి ఏదైనా బృందం ఊరికి వస్తే, ఎంతమంది దగ్గర నమూనాలు తీశారన్నదానితోపాటు రెండో విడత ఎప్పుడు, ఫలితం ఎవరు ఏ తేదీకి ఇస్తారు, రానివారు ఎంతమంది అని అడిగి అచ్చువేయండి. మూడు నెలల తర్వాత ఫోన్ చేసి ఆ తేదీ ఏమైందో కనుక్కోండి.

ఫలితం చెప్పడమంటే గ్రామసభలో పేర్లు చదవడం కాదు. కిడ్నీ జబ్బు మాట బయటికి పొక్కితే పెళ్లి సంబంధాల దాకా పోతుంది. ఊరి మొత్తం అంకెలు సభలో చెప్పాలి, మనిషి ఫలితం మనిషికే ఇవ్వాలి. ఆ చీటీ తెలుగులో ఉండాలి. పేరు బదులు నంబరు చాలు. క్రియాటినిన్ ఎంత, మూత్రంలో ప్రొటీన్ ఉందా లేదా, అది మామూలా కాదా, మళ్లీ ఏ తేదీకి పరీక్ష, అంతవరకు ఏ మాత్రలు వేసుకోకూడదు, ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఎవరిని కలవాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. అరకాగితంలో సరిపోతుంది. చదువురానివారికి ఇంటికి వెళ్లి చదివి చెప్పడానికి ఆశాకు ఇంటికింత అని ముందే లెక్కకట్టి ఇవ్వాలి.

ఇట్లు,
ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చేవారం కొందరం,
శ్రీకాకుళం జిల్లా